2024-25 వార్షిక నివేదిక: చందాకు రసీదు అడుగుదాం

సభ్యులందరికీ నమస్కారం. మీటింగులో నివేదిక చదవాలి కాబట్టి రాస్తున్నాను, కానీ ఈసారి చెప్పుకోదగ్గ పని కూడా చేశాం.

2024 మే 13న పోలింగ్ అయ్యాక ప్రొద్దుటూరు బజారులో ఎక్కడ చూసినా పార్టీలకు ఎవరు ఎంత చందా ఇచ్చారన్న మాటే. పార్టీ ఏదైనా మన పద్ధతి ఒకటే, నలుగురు అంగట్లోకి వస్తారు, తెలిసినవాళ్లే కాబట్టి కాదనలేం, డబ్బు చేతిలో పెట్టి పంపిస్తాం. అందుకే ఆగస్టులో మన మిద్దె మీద అవగాహన సదస్సు పెట్టాం. కుర్చీలు చాలక మెట్ల మీద కూడా కూర్చున్నారు. కిరాణా అంగడి నడిపే మన సభ్యుడొకరు లెక్కల పుస్తకం తెచ్చి అందరి ముందూ తెరిచాడు. ధర్మం ఖాతాలో, గుడికిచ్చిన 1,116 కింద, ‘ఎలక్షన్ 15,000’ అని ఉంది. ఎవరికిచ్చాడో లేదు, తేదీ కూడా లేదు. మా పుస్తకంలోనూ ఇంతేనని చాలామంది ఒప్పుకున్నారు.

రిటైరైన ఆడిటరు గారు ఓపికగా చెప్పారు. పార్టీ 2,000 రూపాయలు దాటిన విరాళం నగదుగా తీసుకుంటే దాని పన్ను మినహాయింపుకే ఎసరు. ఏడాదిలో ఒకరిచ్చింది 20,000 దాటితే ఆ వివరం ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. మనకు ఆదాయపు పన్నులో మినహాయింపు కావాలంటే చెక్కుగానో ఆన్‌లైన్‌లోనో ఇవ్వాలి, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది ఎన్నికల బాండ్లను (ఇచ్చినవారి పేరు బయటపడకుండా పార్టీలకు విరాళమిచ్చే బ్యాంకు పత్రాలను), మనం చెక్కుతో ఇచ్చే చందాను కాదు. ఈ అనుమానం కనీసం పదిమంది అడిగారు.

ఆడిటరు గారికి, షామియానా ఉచితంగా వేసినవారికి, మజ్జిగ పోసిన మహిళా సభ్యులకు, మైకు ఇచ్చిన కుర్రాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు. తప్పక వస్తానని మాటిచ్చిన అధికారి మాత్రం రాలేదు, ఫోనూ ఎత్తలేదు. ఆయన కోసం గంటసేపు ఆపిన సభ అది. చందాకు రసీదు అడగమని చెప్పే కరపత్రాలు పంచడానికి పేర్లిచ్చిన పద్నాలుగు మందిలో వచ్చింది నలుగురు. మిగతావాళ్లకు పనులుంటాయి, సరే, ఒక్క మాట ముందే చెప్పుంటే ఆ నలుగురు ఎండలో రెండు రోజులు తిరిగే బాధ తప్పేది.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు, మిగులు కొంచెమే ఉంది, సభ్యత్వ బకాయిలు కట్టండి.

మున్సిపల్ ఎన్నికలు రాకముందే కరపత్రం మళ్లీ అచ్చు వేయాలి. పంచడానికి నిజంగా వచ్చేవాళ్లు దసరాలోపు నాకు పేర్లివ్వండి.

మీ కార్యదర్శి