గరుకు అతుకుల టీ-34

బాలానగర్,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ రమణా,

మోకాలి నొప్పి తగ్గిందా? మీవాడు చేసిన టీ-34 బొమ్మ, అదే రెండో ప్రపంచయుద్ధం నాటి రష్యా ట్యాంకు, ఫొటోలు చూశాను, వాడి చేతిలో మంచి పనితనం ఉందిరా. కానీ దాని కింద నువ్వు రాసిన మాటే మింగుడు పడలేదు. "రష్యావాళ్ల వెల్డింగు కోడి గీరినట్టుంది, జర్మన్లదైతే ఎంత నీటుగా ఉంటుందో, ఈ డొక్కు ఉక్కుతో ఎలా గెలిచారో" అన్నావు. ఈమధ్య ఏ వీడియో తెరిచినా ఇదే పాట. ఇరవై ఏళ్లుగా వెల్డింగు పొగ మింగుతున్నవాణ్ణి, ఇది విని ఊరుకుంటే నాకు అన్నం సయించదు.

ముందు ఆ డొక్కు ఉక్కు సంగతి. టీ-34 ప్లేటు మరీ గట్టిది, అసలు గొడవే అది. ముందు పలక మందం 45 మిల్లీమీటర్లే, కానీ నిలువు నుంచి 60 డిగ్రీలు వెనక్కి వాల్చారు. ఉక్కు గట్టిదనం బ్రినెల్ లెక్కలో 400 దాటేది. 1941లో జర్మన్ల 37 మిల్లీమీటర్ల గుండ్లు దాన్ని ఏమీ చేయలేకపోయాయంటే ఆ వాలూ, ఆ గట్టిదనమూ కలిసి చేసిన పని. అయితే గట్టిపడేకొద్దీ ఉక్కుకి సాగే గుణం పోతుంది. బాగా వేగిన చెక్క ఎలా ఫట్టుమంటుందో అలాగ. పెద్ద గుండు తగిలినప్పుడు ప్లేటు దాన్ని ఆపినా, లోపలి వైపు పెచ్చులు ఊడి మనుషుల మీద పడేవి. అమెరికావాళ్లు తమ షెర్మన్ ట్యాంకుకి అంతకంటే బాగా మెత్తటి ఉక్కు వాడింది తెలియక కాదు. ఎంత గట్టిదైతే అంత గొప్ప అనే లెక్క అక్కడే తప్పుతుంది.

ఇక వెల్డింగు. నా తప్పు ఒకటి చెప్తాను, నవ్వకు. మూడేళ్ల కిందట వానాకాలంలో ఒక క్రషర్ హాపర్‌కి, అంటే రాళ్లు పోసే తొట్టికి, అరుగుదల తట్టుకునే గట్టి ప్లేట్లు అతికించాలి. శనివారం సాయంత్రం, పార్టీవాడు నెత్తిన కూర్చున్నాడు. 7018 వెల్డింగు రాడ్డు పెట్టె రెండు రోజులుగా తెరిచే ఉంది, ఓవెన్‌లో పెట్టి తేమ ఆరబెట్టే టైం లేదు, ప్లేటు వేడి చేయడమూ మానేశాను. అతుకు మాత్రం చేపపొలుసుల్లా వచ్చింది, ఫొటో కూడా తీసుకున్నాను. సోమవారం పొద్దున వచ్చి చూస్తే అతుకు పక్కనే, ప్లేటులో, వెంట్రుకంత గీత. వేలితో తడిమితే తెలియదు. బీటల్లోకి దిగే ఎర్ర రంగు కొట్టి తుడిచి, దాన్ని పైకి లాగే తెల్ల డెవలపర్ చల్లాక ఎర్రగా జానెడు పొడవు బయటపడింది. రాడ్డు పూతలో తేమ నుంచి వచ్చిన హైడ్రోజన్ లోహంలోకి దిగి, త్వరగా చల్లారి పెళుసెక్కిన చోట దాక్కుని, ఒకటి రెండు రోజులాగి పగలగొడుతుంది. అందమైన అతుకే, ఏం లాభం!

ఇలాంటి బీటల తలనొప్పే 1942లో ఉరల్ పర్వతాల దగ్గర నిజ్నీ తాగిల్‌లో ట్యాంకుల మీద వచ్చింది. ఖార్కోవ్ ఫ్యాక్టరీని అక్కడికి తరలించారు, కీవ్ నుంచి యెవ్గెనీ పాటన్ తన వెల్డింగు ఇన్‌స్టిట్యూట్‌తో సహా వెళ్లాడు. అసలు వంతెనలు కట్టే ఇంజనీరు, అప్పటికే డెబ్బై దాటినవాడు. ఆయన పద్ధతిలో మంట కనపడదు, కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపాడే ఫ్లక్స్ పొడి కుప్ప కింద తీగ దానంతట అదే కరిగి అతుకు వేసుకుంటూ పోతుంది. మన సబ్‌మెర్జ్డ్ ఆర్క్ మెషీన్ లాంటిదేరా. కవచపు ఉక్కులో కార్బన్ ఎక్కువ, అది కరిగి అతుకులో కలిస్తే బీటలు. అందుకని సందులో ముందే తక్కువ కార్బన్ తీగ పడుకోబెట్టి, దాని మీద అతుకు వేశారు. ప్లేటు నుంచి కలిసేది తగ్గింది, బీటలూ తగ్గాయి. ఫ్లక్స్ అందక బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్‌ని, అంటే ఇనుము కరిగించే కొలిమిలో మిగిలే చిట్టాన్ని, వాడుకున్నారు. మన వైజాగ్‌లో సిమెంటుకి పోయే సరుకు! ద్యాత్లోవ్ అనే ఆయన, తీగని ఒకే వేగంతో తోస్తే చాలు, మంట తనంతట తానే సర్దుకుంటుందని కనిపెట్టాడు. దాంతో మెషీన్ తల సులువైపోయింది, పెద్ద అనుభవం లేని ఆడవాళ్లూ కుర్రాళ్లూ కూడా నడిపారు. నువ్వు కోడి గీరిందన్నది చేత్తో వేసిన అతుకుల్ని. మెషీన్ వేసిన పొడుగాటివి నున్నగానే ఉంటాయి.

రష్యావాళ్లని నెత్తినెత్తుకోవట్లేదు. 1942లో బీటలు వారిన ట్యాంకులు బోలెడు వచ్చాయి. అలాగని జర్మన్ల ఉక్కు దేవుడిచ్చిందా? ఉక్కు పెళుసెక్కకుండా కలిపే మాలిబ్డినం లోహానికి కొరత వచ్చాక చివరి రోజుల్లో వాళ్ల ప్లేట్లు పెళుసెక్కాయి. 1944 ఆగస్టులో నార్మండీలోని ఇసిగ్నీ దగ్గర అమెరికావాళ్లు పట్టుబడ్డ మూడు జర్మన్ పాంథర్ ట్యాంకుల మీద కాల్చి చూస్తే, ఒకదాని ముందు పలక దెబ్బ మీద దెబ్బ తట్టుకుంది, మిగతావి పగిలాయి. మూడూ ఒకే మోడల్, బయటికి ఒకేలా నీటుగా ఉన్నవే.

కాబట్టి మీవాడు ఎమెరీ పేపరు పట్టుకుని ఆ బొమ్మ అతుకుల్ని నున్నగా చేస్తానంటే చేతి మీద ఒక్కటి వెయ్యి. ఆ క్రషర్ ప్లేటు ముక్క కోసి నా టేబుల్ మీద కాగితాలకి బరువుగా పెట్టుకున్నాను. సంక్రాంతికి వాణ్ణి తీసుకునిరా, ఆ గీత ఎక్కడుందో వాణ్ణే వెతకమందాం.

చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
శ్రీను