2025 జూబిలీ ముగిసేలోపు నీతో ఒక మాట

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట రాత్రంతా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. చర్చిలో యువత బాధ్యత నీకు అప్పజెప్పారు, మన కాథలిక్కుల పవిత్ర సంవత్సరమైన ఈ జూబిలీకి ఏం ప్రోగ్రాం పెట్టాలో తోచక టెన్షన్ పడుతున్నావు, పిల్లలేమో రారు, వచ్చినా వెనక బెంచీలో ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు.

ప్రోగ్రాం సంగతి తర్వాత చూద్దాం. అసలు జూబిలీ అంటే ఏమిటో వాళ్లకు ఎవరైనా సరిగ్గా చెప్పారా? 1300లో ఎనిమిదో బొనిఫాస్ పోపు మొదలుపెట్టారు, మామూలుగా పాతికేళ్లకోసారి వస్తుంది, రోములో పవిత్ర ద్వారం తెరుస్తారు అని చెప్పి ఊరుకుంటే అది జనరల్ నాలెడ్జ్ అయిపోతుంది. దాని మూలం లేవీయకాండం 25వ అధ్యాయంలో ఉంది. యాభయ్యో ఏట కొమ్ము బూర ఊదితే, పేదరికంలో తనను తాను అమ్ముకున్నవాడు విడుదలై ఇంటికి వెళ్లేవాడు, చేజారిన పొలం మళ్లీ చేతికొచ్చేది. నజరేతు ప్రార్థనా మందిరంలో యేసు యెషయా గ్రంథపు చుట్ట విప్పి, చెరలో ఉన్నవారికి విడుదల అన్న మాట చదివి, మళ్లీ చుట్టి ఇచ్చేసి కూర్చున్నారు. అందరి కళ్లూ ఆయన మీదే. ఈ లేఖనం నేడు నెరవేరింది అన్నారు. ఆ విడుదల తానే అని చెప్పారన్నమాట. అందుకే కాబోలు, పోపు ఫ్రాన్సిస్ ఈ జూబిలీలో రెండో పవిత్ర ద్వారాన్ని 2024 డిసెంబర్ 26న రోములోని రెబీబియా జైల్లో తెరిచారు.

ఆగస్టులో రోములో జరిగిన యువత జూబిలీ నువ్వూ చూశావుగా. అందరూ టోర్ వెర్గాటా మైదానంలో లక్షల మంది గురించే మాట్లాడారు గానీ నాకు అంతకు ముందు రోజే ఎక్కువ గుర్తుంది. ఒకప్పుడు రథాల పందేలు జరిగిన సర్కస్ మాక్సిమస్‌లో, ఆ ఎండలో, పిల్లలు పాపసంకీర్తనం కోసం వరుసల్లో నిలబడ్డారు, వాళ్ల పాపాలు వినడానికి దాదాపు వెయ్యి మంది గురువులు వంతులవారీగా కూర్చున్నారు. మర్నాటి రాత్రి టోర్ వెర్గాటాలో, క్రీస్తు శరీరమని మనం నమ్మే అప్పం ముందు చేసే దివ్యసత్ప్రసాద ఆరాధనలో, అప్పటిదాకా పాటలతో హోరెత్తిన అదే పిల్లలు మట్టిలో మోకరించి నిశ్శబ్దమైపోయారు. వాళ్లను కూర్చోబెట్టడానికి ఆటలేమీ కావాల్సి రాలేదమ్మా.

ఇప్పుడు నేను నీకు ఒకటి ఒప్పుకోవాలి. నీకు పద్నాలుగేళ్లప్పుడు, "అమ్మా, నేను ప్రార్థిస్తే యేసు ఎందుకు పలకడు?" అని అడిగావు. నేను వంటింట్లో పనిలో ఉండి, తిరిగైనా చూడకుండా, అలాంటి ప్రశ్నలు అడగకూడదు, జపమాల చెప్పుకో పో అన్నాను. నువ్వు కాసేపు గుమ్మంలో నిలబడి వెళ్లిపోయావు, మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నిజానికి నాకూ జవాబు తెలియదు, ఆ మాట నీతో చెప్పడానికి భయపడ్డాను. చిన్నప్పుడు జ్ఞానోపదేశం, అంటే మతబోధ ప్రశ్నలూ జవాబులూ మొత్తం కంఠతా పట్టి బహుమతి తెచ్చుకున్న నేను, ఆయన ఎదుట ఊరికే కూర్చోవడం మా నాన్న పోయాకే నేర్చుకున్నాను. అది కూడా ఏడవడానికి వేరే చోటు లేక. ఆ రోజు నీ ప్రశ్నను అలా తోసేసినందుకు నన్ను క్షమించు తల్లీ.

కాబట్టి నీ పిల్లలతో నువ్వలా చేయకు. వాళ్ల ప్రశ్న విను, జవాబు రాకపోతే రాదని చెప్పు, వాళ్లతో కలిసి సువార్తలో ఒక్క ఘట్టం నెమ్మదిగా చదివి, పావుగంట దివ్యసత్ప్రసాదం ముందు మౌనంగా కూర్చో. 2025 సెప్టెంబర్ 7న చర్చి పునీతుడిగా ప్రకటించిన కార్లో అకూటిస్ గురించి చెబితే కంప్యూటర్ కుర్రాడు అని చెప్పి వదిలేయకు. 15 ఏళ్లకే లుకేమియాతో పోయిన ఆ పిల్లవాడు రోజూ చర్చిలో దివ్యబలిపూజకు (మాస్‌కు) ఎందుకు వెళ్లేవాడో వాళ్లనే ఆలోచించమను. పాపసంకీర్తనానికి మాత్రం బలవంతం వద్దు. ముందు నువ్వెళ్లు, వాళ్లు చూస్తారు.

2026 జనవరి 6న రోములో పేతురు బసిలికాలోని ఆ పవిత్ర ద్వారం మూస్తారు. ఆలోపు రోము వెళ్లడం మనవల్ల కాదు, పరవాలేదు. ఈ ఆదివారం ఆ వెనక బెంచీ అబ్బాయి పక్కన వెళ్లి కూర్చో. వాడేం అడిగాడో నాకు రాయి.

అమ్మ