2024–25 వార్షిక నివేదిక: పార్కు చెరువు, బాతులు, ఆగిపోయిన జమ్ము కోత

గౌరవ సభ్యులకు నమస్కారం.

హనుమకొండలోని మన కాలనీ సంఘం 2024 మే నుంచి 2025 ఏప్రిల్ వరకు చేసిన పనుల నివేదిక ఇది. మామూలు పనులు ముందే చెప్పేస్తాను. నడకదారికి మరమ్మతు చేయించాం. వెలగని దీపాలు మార్పించాం. బతుకమ్మ పండుగకు ముందే చెరువు మెట్ల మీద పాచి గీకించాం. జమాఖర్చుల పట్టిక విడిగా ఇచ్చాం. దోమల మీద ఫిర్యాదులు నిరుడు ఎన్ని వచ్చాయో ఈసారీ అన్నే వచ్చాయి.

ఇక చెరువు సంగతి. కార్యవర్గం ఈ ఏడాది ఎక్కువగా మాట్లాడింది దాని గురించే, పోట్లాడిందీ దాని గురించే.

పడమటి మూలన జమ్ము మనిషెత్తు పెరిగి నీళ్లు కనబడడం లేదని, కోయించాలని జనవరిలో తీర్మానం చేశాం. కూలీలకు అడ్వాన్సు ఇచ్చి, ఫిబ్రవరి మొదటి వారంలో రోజు కూడా ఖాయం చేశాం. ముందురోజు పొద్దున్నే నడకకు వెళ్లిన సభ్యురాలు ఒకరు ఫోను చేశారు, జమ్ములోంచి బాతు పిల్లలు వస్తున్నాయని. వెళ్లి చూస్తే మచ్చముక్కు బాతు. నల్లటి ముక్కు చివర పసుపు ముంచినట్టుంది, వెనక ఎనిమిది పిల్లలు. తల్లి ఆగితే అవీ ఆగుతున్నాయి. ఒకటి మాత్రం ప్రతిసారీ వెనకబడి, ఏదో ఆకు మీదికెక్కి జారిపడి, నీటి మీద పరుగెత్తుకుంటూ వచ్చి కలుస్తోంది. కోత ఆపేశాం. అడ్వాన్సు 500 రూపాయలు తిరిగి రాలేదు; పద్దుల్లో ‘ఇతరములు’ అన్నది అదే.

శివరాత్రి నాటికి ఐదు మిగిలాయి. అందరూ కుక్కలనే అన్నారు గానీ, ఒకదాన్ని గద్ద తన్నుకుపోవడం నేను కళ్లారా చూశాను. ఆ ఐదూ ఉగాది పొద్దున తల్లి వెంట గట్టు దాటి ఎగిరాయి. పంచాంగ శ్రవణం కోసం వేసిన కుర్చీల్లో సగం అప్పుడు చెరువు వైపే తిరిగి ఉన్నాయి.

ఫిబ్రవరి 14 నుంచి 17 వరకు ప్రపంచమంతటా జరిగిన పక్షుల లెక్కింపులో మన పిల్లలూ పాల్గొన్నారు. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి, కనిపించిన పక్షులన్నీ రాసుకోవాలి. పిల్లలకు లెక్క కన్నా మాట్లాడకుండా నిలబడడమే కష్టమైంది. చలికాలానికి ఉత్తరాది నుంచి వచ్చే సూదితోక బాతులు అప్పటికి ఇంకా ఉన్నాయి. మార్చి నడిమికి ఒక్కటీ లేదు. వసంతం వచ్చిందంటే మన చెరువులో కొన్ని మూటాముల్లె సర్దుకుంటాయి, కొన్ని కాపురం పెడతాయి. నిరుడు నవంబరులో పూడికతీతకు భద్రకాళి చెరువును ఖాళీ చేశారు కదా, ఈసారి అక్కడి పక్షులే ఇక్కడికి చేరాయని కొందరు సభ్యుల వాదన. పక్షులకు ఆధార్ కార్డులు ఉండవు కనుక ఆ చర్చను అక్కడితో ముగించాం.

బ్రెడ్డు, మరమరాలు వేయవద్దని రెండు బోర్డులు పెట్టాం. బ్రెడ్డుతో బాతుకు కడుపు నిండుతుంది గానీ బలం రాదు, మిగిలింది నానిపోయి నీళ్లు చెడతాయి. రోజూ మనవడితో వచ్చే పెద్దాయన ఒకరు బోర్డు చదివి, “కోతికి అరటిపండు వేస్తే తప్పు, బాతుకు రొట్టె వేస్తే తప్పు, ఇక పుణ్యం ఎక్కడ చేసుకోమంటారు?” అని అడిగారు. నాకు జవాబు తోచలేదు. ఇప్పుడు ఆయన రొట్టె తేవడం లేదు, నాతో మాట్లాడడమూ లేదు.

చివరిగా ఎజెండాలోని ఆరో అంశం, జమ్ము కోత. ఏప్రిల్ ఆఖరి వారంలో అదే మూలన బుడబుంగల జంట తేలే గూడు కట్టింది. మనిషి అలికిడి వినగానే తల్లి నాచుతో గుడ్లను కప్పేసి నీళ్లలోకి మునుగుతుంది. ఆ గూడు చూస్తే కొట్టుకొచ్చిన చెత్త అనుకుంటాం. నేనూ మొదట అలాగే అనుకుని కర్రతో తోసేయబోయాను. పొదగడానికి దాదాపు ఇరవై రోజులు పడుతుంది. ఆ తరువాత కూడా పిల్లలు కొన్నాళ్లు తల్లిదండ్రుల వీపులెక్కి తిరుగుతాయి. కాబట్టి ఆరో అంశాన్ని జూన్ సమావేశానికి వాయిదా వేయాలని కోరుతున్నాను. ఈసారి కూలీలకు అడ్వాన్సు ఇవ్వలేదు.

ఇట్లు,
కార్యదర్శి