పెద్ద ప్లాన్ అంటగట్టే ముందు వైఫై వేగం కొలవండి

సంపాదకులు గారికి,

ఒంగోలులో ఇంట్లో నెట్ నెమ్మదిగా ఉందని ఫిర్యాదు చేస్తే చాలాసార్లు ఒకటే జవాబు: ‘పెద్ద ప్లాన్ తీసుకోండి సార్’. మా వీధిలో కొందరు అలాగే ప్లాన్ మార్చి ఎక్కువ కడుతున్నారు. అయినా వెనక గదిలో పిల్లల ఆన్‌లైన్ క్లాసు ఆగిపోతూనే ఉంది. బయటి నుంచి వచ్చే ఫైబర్ బాగానే ఉన్నా, రూటర్ నుంచి ఆ గదికి సిగ్నల్ చేరడం లేదు.

వైరు ఎటు నుంచి లోపలికొస్తే అక్కడే, వరండా మూలనో టీవీ వెనకో రూటర్ బిగించి వెళ్లిపోతున్నారు. ఇంటి రూటర్లు సాధారణంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రేడియో తరంగాల శ్రేణుల్లో సిగ్నల్ పంపుతాయి. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ దూరం పోతుంది గానీ వేగం తక్కువ. పైగా అందులో ఒకదానికొకటి అడ్డుపడని ఛానళ్లు, అంటే సిగ్నల్ నడిచే దారులు, 1, 6, 11 మాత్రమే. ఇళ్లు ఆనుకుని ఉన్న వీధుల్లో రూటర్లన్నీ వాటికోసమే పోటీ పడతాయి. 5 గిగాహెర్ట్జ్‌లో వేగం బాగుంటుంది గానీ గోడలు దాటేసరికి సిగ్నల్ బాగా తగ్గిపోతుంది. మనవేమో కాంక్రీటు శ్లాబులు, చీమకుర్తి గ్రానైట్ అతికించిన గోడలు, మధ్యలో ఇనప బీరువాలు! కొన్ని రూటర్లలో అసలు 5 గిగాహెర్ట్జే ఉండదు. వంద ఎంబీపీఎస్ ప్లాన్‌కు అలాంటిది ఇస్తే వైఫైలో ఆ వేగం అందడం కష్టం. ఆ మాట ముందే చెప్పకపోవడం అన్యాయం.

కనెక్షన్ ఇచ్చే రోజే రూటర్‌కు ల్యాన్ కేబుల్ (రూటర్‌ను కంప్యూటర్‌కు నేరుగా కలిపే వైరు) పెట్టి ఒకసారి, దూరపు గదిలో వైఫై మీద ఒకసారి వేగం కొలిచి, ఆ రెండు అంకెలూ ఇంటివాళ్లకు రాసివ్వాలి. కేబుల్ మీద పూర్తి వేగం ఉంటే ప్లాన్ మార్చే పనే లేదు. రూటర్‌ను ఇంటి మధ్యకు, కాస్త ఎత్తుకు జరిపితే చాలావరకు సర్దుకుంటుంది. అప్పటికీ చాలకపోతే ఆ గదికి ల్యాన్ వైరు లాగి రెండో రూటర్ పెట్టుకోవచ్చు. రిపీటర్ (వైఫై సిగ్నల్ అందుకుని ముందుకు పంపే పరికరం) కొనేవాళ్లు దాన్ని సిగ్నల్ అందని గదిలో పెడితే ఫలితం ఉండదు, సగం దూరంలో పెట్టాలి.

బిల్డర్లకూ ఒక విన్నపం. కరెంటు పైపులకు గోడలు కొట్టేటప్పుడే గదిగదికీ ల్యాన్ వైరు కోసం పైపు వేస్తే పెద్ద ఖర్చు కాదు. తర్వాత పగలగొట్టాలంటేనే భారం. భవనాల్లో నెట్ సదుపాయానికి రేటింగ్ ఇచ్చే నిబంధనలను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 అక్టోబరులో తెచ్చింది. అది తప్పనిసరి కాదు. అయినా ఒంగోలు, నెల్లూరుల్లో కొత్త అపార్టుమెంట్లు కట్టేవాళ్లు ఆ రేటింగ్ తీసుకోవాలి. ఫ్లాటు కొనేవాళ్లు కూడా నీళ్లు, పార్కింగ్ గురించి అడిగినట్టే దీని గురించీ అడగాలి.

– ఒక పాఠకుడు, ఒంగోలు