మూడో సిలిండర్ దగ్గర ఆగిపోయాం

నమస్కారం అండీ. బరంపురంలో మా షెడ్డులో బళ్లు వదిలి ఎదురుచూస్తున్న వాళ్లందరికీ ఈ కబురు. ఇచ్ఛాపురం మాస్టారి 1972 అంబాసిడర్ మార్క్-2ని దసరాకి ఇచ్చేస్తానని మాటిచ్చాను. దీపావళి కూడా వెళ్లిపోయింది, బండి ఇంకా నా దగ్గరే ఉంది. తప్పు నాది. దానివల్ల వెనక వరుసలో ఉన్న మీ బళ్లు కూడా ఆలస్యమవుతున్నాయి కాబట్టి జరిగింది చెప్తున్నాను.

సిలిండర్ల లోపలి గోడలు సాపు చేసే బోరింగ్ చేయించి, కొత్త పిస్టన్లు వేసి బిగించాక ఇంజిన్ రెండో సెల్ఫ్‌కే అందుకుంది. శబ్దం కూడా బాగుంది. మాస్టారు బానెట్ మీద చెయ్యి ఆనించి చాలాసేపు అలాగే నిలబడ్డారు. కానీ సిలిండర్లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెడితే, నాలుగింట్లో మిగతా మూడు సిలిండర్లలో 120 పీఎస్ఐ దాటిన ముల్లు, మూడో సిలిండర్లో 90 దగ్గరే ఆగిపోయింది. ప్లగ్ కన్నంలోంచి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూశాను. పిస్టన్ రింగుల లోపమైతే ముల్లు పైకి లేవాలి. లేవలేదు. అంటే వాల్వుల వైపు చూడాలి. వాల్వుల్ని కదిలించే టాపెట్ల గ్యాప్ చూస్తే సరిగ్గా 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) ఉంది. ఇక వాల్వులుండే ఇంజిన్ పైభాగం, హెడ్డు, విప్పక తప్పలేదు.

ఈ పాత ఇంజిన్లలో వాల్వు సీట్లు, అంటే వాల్వు మూసుకున్నప్పుడు ఆనే గుండ్రటి అంచులు, ఇనుప హెడ్డులోనే కోసి ఉంటాయి. అప్పట్లో పెట్రోల్లో కలిపే సీసమే వాటిని అరగకుండా కాపాడేది. 2000లో దేశమంతా సీసం లేని పెట్రోలుకి మారిపోయింది. అందుకని ఈ బండికి కూడా ఇంజిన్ బిగించే ముందే, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వైపు గట్టి సీట్లు వేయించాను. కొత్త సీటు మీద వాల్వు కూర్చున్న చోట బూడిద రంగు గీత గుండ్రంగా, ఎక్కడా తెగకుండా పడాలి. మూడో ఎగ్జాస్ట్ వాల్వు మీద గోరంత మేర ఆ గీత లేదు. హెడ్డు తిరగేసి కిరసనాయిలు పోస్తే సరిగ్గా అక్కడినుంచే పొగ పోయే దారిలోకి (పోర్టు) చెమ్మ ఊరింది. ఈ కిరసనాయిలు పరీక్ష హెడ్డు బిగించే ముందే చెయ్యాలి. పండగ దగ్గరపడిందన్న టెన్షన్‌లో నేను చెయ్యలేదు. చేసి ఉంటే అరగంటలో తేలిపోయేది.

సీటు మళ్లీ కోయించి, పేస్టు రాసి, గీత పూర్తిగా పడేదాకా చేత్తో గ్రైండ్ చేశాం. ఇప్పుడు మూడోది కూడా 122 చూపిస్తోంది. హెడ్డు మళ్లీ బిగించడానికి వేసిన రెండో గాస్కెట్టు, ఆ కూలి మాస్టారి బిల్లులో ఉండవు.

తర్వాత ట్యూనింగ్. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ వస్తోంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి కార్బురేటర్లో పెట్రోలు వచ్చే సన్న కన్నం, జెట్టు, పాతదే ఉంటే పెట్రోలు-గాలి మిక్స్చర్ పల్చబడుతుంది. యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఒక్క క్షణం తడబడేది, ప్లగ్గులు తెల్లగా వచ్చాయి. మెయిన్ జెట్టు ఒక సైజు పెంచాక లేత గోధుమ రంగుకి వచ్చాయి. బండిలోని పెట్రోల్ పంపు రబ్బరు పొర (డయాఫ్రమ్) కూడా ఇథనాల్‌కి తట్టుకునేది వేశాను. పాత రబ్బరు ఉన్న బళ్లవాళ్లు దీన్ని వాయిదా వెయ్యకండి. పంపు కింద తడి కనిపిస్తే బండి స్టార్ట్ చెయ్యకుండా నాకు ఫోన్ చెయ్యండి.

కొత్త పిస్టన్లు, రింగులు కుదురుకోవడానికి ఇప్పటికి 340 కిలోమీటర్లు నడిపాను. పొద్దున్నే 6 గంటలకి బయల్దేరి, 60 దాటకుండా, ఒకే స్పీడులో ఉంచకుండా నడుపుతున్నాను. నిన్న తప్తపాణి ఘాటీ ఎక్కించాను. టెంపరేచర్ ముల్లు నిలకడగా ఉంది. దిగేటప్పుడు మూడో గేర్లో యాక్సిలరేటర్ వదిలేసి, కింద మళ్లీ తొక్కి అద్దంలో చూశాను. వాల్వు గైడ్లు (వాల్వు కాడ కదిలే గొట్టాలు), రింగుల నుంచి ఆయిల్ లోపలికి పోతుంటే అప్పుడే నీలం పొగ కనబడాలి. కనబడలేదు. ఆ క్షణం కోసమే ఇన్నాళ్లూ ఆగాను. 500 కిలోమీటర్లు అయ్యాక హెడ్డు బోల్టులు మళ్లీ కొలత ప్రకారం బిగించి (టార్క్), టాపెట్లు చూసి, ఆయిల్ మార్చి ఇస్తాను.

పర్లాకిమిడి వారి పద్మిని కారు, రాయగడ వారి జీపు రెండూ మూడు వారాలు వెనక్కి వెళ్లాయి. క్షమించండి. అంతకాలం ఆగలేమంటే బండి తీసుకెళ్లొచ్చు, అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇస్తాను.

ఈ ఏడాది నా దగ్గర కొత్త వాల్వు సీట్లు వేయించుకున్న బళ్లు ఇంకో రెండున్నాయి. వాటికి కిరసనాయిలు పరీక్ష చేశాను, కానీ మరోసారి కంప్రెషన్ చూస్తేగానీ నాకు నిద్ర పట్టదు. ఏ ఆదివారమైనా తీసుకురండి, గంటలో అయిపోతుంది, డబ్బులు అక్కర్లేదు.