ఇంటిల్లిపాది పళ్లకూ ఒక డాక్టర్ కావాలి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి విశాఖ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

విశాఖపట్నం గాజువాక నుంచి రాస్తున్నాను. ముఖ్యంగా అడిగేది ఒక్కటే: మా బస్తీల్లోని ఆరోగ్య కేంద్రాలకు వారంలో ఒక్క రోజైనా పంటి డాక్టర్ వచ్చేలా చూడండి. జ్వరానికి, బీపీకి, షుగర్‌కి, గర్భిణుల చెకప్‌కి, పిల్లల టీకాలకి ఇంటిల్లిపాదీ వెళ్లేది అక్కడికే. పన్ను నొప్పి అని వెళ్తే మాత్రం నొప్పి బిళ్లలిచ్చి కేజీహెచ్‌కి, అంటే నగరంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి, వెళ్లమంటున్నారు. గాజువాక నుంచి కేజీహెచ్‌కి వెళ్లిరావడమంటే ఆ రోజు కూలి పోయినట్టే, అందుకే నొప్పి కాస్త తగ్గగానే అందరూ ఊరుకుంటారు, దవడ వాచి ముద్ద మింగలేని స్థితి వచ్చేదాకా ఎవరూ కదలరు. అప్పటికి చాలాసార్లు పన్ను పీకడం తప్ప దారి ఉండదు.

ముందు పిల్లల సంగతి చెప్తాను, మనం ఎక్కువ పోగొట్టుకుంటున్నది అక్కడే. ఆరేళ్ల వయసు వచ్చేసరికి పాల పళ్ల వరసకి వెనకాల, ఒక్క పన్నూ ఊడకుండానే, పైన రెండు కింద రెండు దవడ పళ్లు కొత్తగా వస్తాయి. అవి జీవితాంతం ఉండాల్సిన పళ్లు. ఏ పన్నూ ఊడి ఆ చోట వచ్చినవి కావు కాబట్టి ఇంట్లోవాళ్లు వాటినీ పాల పళ్లే అనుకుంటారు, నల్లబడినా "ఎలాగూ ఊడేవే కదా" అని వదిలేస్తారు. వాటి పైభాగంలో సన్నటి లోతైన గాడులుంటాయి, బ్రష్ వాటిలోకి దిగదు, పుచ్చు అక్కడే మొదలవుతుంది. ఆ గాడుల్ని సీలెంట్ అనే పల్చటి పూతతో ముందే మూసేయొచ్చు. ఇంజెక్షన్ లేదు, డ్రిల్లింగ్ లేదు, పన్నుకి కొద్ది నిమిషాలు చాలు. ఒకటి, రెండు తరగతుల పిల్లలకి బడిలోనే వేయించొచ్చు కదా సార్? పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేయడానికి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో దంత సమస్యలు కూడా ఉన్నాయి. పన్ను పుచ్చిందని చూసి కాగితం మీద రాసిస్తే సరిపోతుందా, ఆ కాగితం పట్టుకుని దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో కూడా చెప్పాలి.

బడిలో పెట్టే చిక్కీ ఆపమని నేను అనను, రక్తం తక్కువున్న పిల్లలకి అది కావాలి. కాకపోతే బెల్లం పాకం పళ్లకి చాలాసేపు అంటుకునే ఉంటుంది. తిన్న వెంటనే నీళ్లతో నోరు పుక్కిలించే అలవాటు బడిలోనే చేయించండి, దానికి పైసా ఖర్చు లేదు, భోజనాల దగ్గర కుళాయి పనిచేస్తే చాలు. అలాగే అంగన్‌వాడీ పిల్లలకి బ్రష్షు, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు ఇవ్వండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఫ్లోరైడ్ పేస్టుని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది, అంటే అది సోకు సరుకు కాదు. మూడేళ్లలోపు పిల్లలకి బియ్యపుగింజంత, ఆపైన ఆరేళ్ల దాకా బఠానీ గింజంత చాలు అని తల్లులకి చూపించి చెప్పాలి, టీవీ ప్రకటనల్లో బ్రష్ నిండా పెట్టడం చూసి అంతే పెట్టేస్తున్నారు.

ఇక పెద్దవాళ్లు. చిగుళ్ల నుంచి రక్తం వస్తే మనవాళ్లు అక్కడ తోమడం మానేస్తారు, నిజానికి అక్కడే మెత్తగా, శ్రద్ధగా తోమాలి. పాచి గట్టిపడి గార అయ్యాక బ్రష్‌తో పోదు, డాక్టరే తీయాలి. "క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి", "పైపన్ను పీకిస్తే కళ్లు పోతాయి" లాంటి తప్పుడు మాటలు మా వీధిలో ఇప్పటికీ నమ్ముతున్నారు. పళ్లు వదులయ్యేది క్లీనింగ్ వల్ల కాదు, గార కింద చిగుళ్లు, ఎముక ఏళ్ల తరబడి దెబ్బతినడం వల్ల. ఈ ముక్క ఆశా కార్యకర్త ఇంటికొచ్చి చెప్తే వింటారు.

షుగర్ ఉన్నవాళ్లకి చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది, చిగుళ్లలో ఇన్ఫెక్షన్ ఉంటే షుగర్ అదుపులోకి రావడమూ కష్టమే. నెలనెలా షుగర్ మాత్రలిచ్చే చోట ఒక్కసారి నోరు తెరిపించి చూడరేం? గర్భిణులకి హార్మోన్ల వల్ల చిగుళ్లు వాస్తాయి, "కాన్పయ్యేదాకా పంటి జోలికి వెళ్లొద్దు" అని ఇంట్లో ఆపేస్తారు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పంటి వైద్యం నిశ్చింతగా చేయించుకోవచ్చని ఆరోగ్య కేంద్రం నర్సు (ఏఎన్ఎం) వాళ్ల అత్తగారి ఎదుటే చెప్పాలి.

మన ఉత్తరాంధ్రలో ఎక్కువగా కనిపించే ఇంకో బాధ మీరు మర్చిపోకూడదు. తీరం వెంబడి పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లు కొందరు ఇప్పటికీ అడ్డపొగ తాగుతారు, చుట్ట వెలిగించిన కొస నోట్లోపల పెట్టుకుని. ఆ వేడికి, పొగకి అంగిలి (నోటి పైకప్పు) కమిలిపోతుంది, అంగిలి క్యాన్సర్‌కి దీనితో సంబంధం ఉందని డాక్టర్లు దశాబ్దాల కిందటే తేల్చారు. ముప్పై ఏళ్లు దాటినవాళ్లకి నోటి క్యాన్సర్ పరీక్ష ఎలాగూ ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది. పెదాలు, బుగ్గలు చూసి వదిలేయకుండా తల పైకెత్తించి, టార్చి వేసి అంగిలి కూడా చూడమని సిబ్బందికి ట్రైనింగ్ ఇవ్వండి, ఆ చూపుతోనే చిగుళ్లు, పుచ్చుపళ్లు కూడా కనపడతాయి.

డాక్టర్లు ఎక్కడి నుంచి తేవాలని మీరు అడగొచ్చు. ప్రభుత్వ డెంటల్ కాలేజీలు విజయవాడలో, కడపలో ఉన్నాయి, మా ఊళ్లో లేదు. కానీ విశాఖ చుట్టుపక్కల ప్రైవేట్ డెంటల్ కాలేజీలున్నాయి, బీడీఎస్, అంటే పంటి డాక్టర్ చదువు, చదివే ప్రతి విద్యార్థీ ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ పిల్లల్ని ఒక సీనియర్ డాక్టర్ పర్యవేక్షణలో వంతులవారీగా మా ఆరోగ్య కేంద్రాలకి పంపేలా కాలేజీలతో ఒప్పందం చేసుకోండి. పెద్ద పోస్టులు మంజూరయ్యేదాకా ఆగాల్సిన పని లేదు. ఒక కుర్చీ, వెలుతురు, పరికరాలు శుభ్రంగా ఉడికించే యంత్రం ఉంటే చూడటం, గార తీయడం, చిన్న పుచ్చులు నింపడం మొదలుపెట్టొచ్చు.

గాజువాక, పెదగంట్యాడ, జాలరిపేట వైపు నుంచి ముందు మొదలుపెట్టండి. ఏ కేంద్రానికి వారంలో ఏ రోజు, ఎన్ని గంటలకి పంటి డాక్టర్ వస్తారో వార్డు సచివాలయం బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించండి, పిల్లల్ని, పెద్దవాళ్లని తీసుకొచ్చే పూచీ మా వీధి ఆడవాళ్లది.

ఇట్లు,
గాజువాక నుంచి ఒక తల్లి