రోడ్డు మీద చచ్చినవాటి లెక్క రాయండి

కోనసీమలో కాలువ గట్ల మీది రోడ్లపై వాహనాల కింద పడి చస్తున్న జీవాల లెక్క ఎవరూ రాయడం లేదు. తొలకరి పడిన మర్నాడు పొద్దున్నే చూడండి, ఒక పక్క కాలువ, ఇంకో పక్క వరిచేను ఉన్నచోటల్లా కప్పలు, నీరుకట్టెలు అప్పడాల్లా అతుక్కుపోయి ఉంటాయి. మొన్న ఒక జెర్రిపోతు పొట్ట చిట్లి, లోపలి ఎలుక తోక బయటికి కనబడింది. పాము రైతుకు చేసే మేలు పాఠంగా చెబితే తలకెక్కని మా పిల్లలు దాని దగ్గర నిలబడి నన్ను ప్రశ్నలతో చంపేశారు. శాస్త్రవేత్తలకూ ఇవి పనికొస్తాయి. అమెరికాలోని నెబ్రాస్కాలో వంతెనల కింద గూళ్లు కట్టే పిట్టలను మూడు దశాబ్దాలు గమనించినవారు, వాహనాలు తగిలి చచ్చినవాటి రెక్కలు మిగతావాటికంటే పొడవని 2013లో వెల్లడించారు. మన కోరంగి మడ అడవుల బావురుపిల్లి రాత్రిపూట తిరిగేది, కంటపడడమే అరుదు. అది ఎక్కడ రోడ్డు దాటుతోందో కళేబరమే చెప్పాలి. (ఊరపిల్లే అనుకుని కాలువలోకి నెట్టేస్తే ఆ ఆధారమూ పోయినట్టే.) అటవీ శాఖ ఒక వాట్సాప్ నంబరు ఇచ్చి ఫొటో, చోటు, తేదీ పంపమనాలి. హైస్కూలు పిల్లలు ఉపాధ్యాయుల వెంట, రోడ్డు వారగా ఉండి, ముట్టుకోకుండా రాసుకోవచ్చు. ఎక్కువ చచ్చేచోట రోడ్డు వెడల్పు చేసేటప్పుడే జీవాలు దాటడానికి అడుగున తూము వేయించాలి.

– ఒక సైన్సు మాస్టారు, ముమ్మిడివరం